మైనం ఆరేదాకా

యోహాను మాస్టారిని ఎవరైనా ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. లేచి చెప్పులు వేసుకునేవారు. జవాబు ఆయన నోట్లో ఉండదనీ, ఎక్కడో ఉంటుందనీ, వెళ్లి చూసుకోవాలనీ శిష్యులకు కొన్నాళ్లకు తెలిసివచ్చేది. విజయనగరంలో నలభై ఏళ్లు ఫొటో స్టూడియో నడిపి, ఫిల్ము రోజులు పోయాక మూసేశారాయన. వెనకగదినీ అందులోని ఎర్ర బల్బునూ మాత్రం వదులుకోలేదు. ఆదివారాలు వచ్చినవాళ్లకు ఆ గదిలోనే లెన్సు లేని కెమెరా చేయడం నేర్పేవారు. ఒక డబ్బా, దానికి సూదిమొనంత బెజ్జం, లోపల ఫొటో కాగితం ముక్క. సరంజామా అంతే. బెజ్జం మీది పట్టీ తీస్తే వెలుతురు లోపలికి పోతుంది, మళ్లీ అంటిస్తే ఆగుతుంది. వసారా వెలుతురులో బొమ్మ పడడానికి రెండు నిమిషాలైనా కావాలి. ఆ రెండు నిమిషాలూ ఎదుటి మనిషి కదలకూడదు.

ఆ శిష్యుల్లో ఇందుమతి ఒకతె. హైస్కూల్లో సైన్సు చెబుతుంది. ముప్పై ఆరేళ్లుంటాయి. ఏడాదిలో పదకొండు కెమెరాలు చేసింది. మొదటిది సొట్టపడ్డ పాలపొడి డబ్బా. ఆ తరవాత చెప్పుల అట్టపెట్టె, అగరొత్తుల గొట్టం, ప్లాస్టిక్ పైపు ముక్క. కూల్‌డ్రింకు డబ్బా రేకును గరుకుకాగితంతో పలచగా అరగదీసి, సన్నసూదితో పొడిచి, బెజ్జం అంచు గుండ్రంగా ఉందో లేదో భూతద్దంలో చూసుకునేది. లోపలి కాగితాన్ని చదునుగా ఉంచి చూసింది, వంచి చూసింది. బెజ్జానికీ కాగితానికీ నడుమ దూరం కాస్త కాస్తగా మార్చి చూసింది. చివరికి ఒకరోజు పెట్టెలన్నీ తెచ్చి, వాటితో తీసిన పదకొండు బొమ్మలూ బల్ల మీద పరిచింది.

"మాస్టారూ, పెట్టె ఎలా చేస్తే మా నాన్న స్పష్టంగా పడతారు?"

మాస్టారు ఒక్కొక్కటే కంటికి దగ్గరగా పెట్టుకుని చూశారు. అన్నిటిలోనూ అదే కుర్చీ, అదే మనిషి. కుర్చీ అల్లిక ఎంచక్కా పడింది. గోడ మీది బీట పడింది. పక్కనున్న చెంబు సొట్ట కూడా పడింది. కూర్చున్న మనిషే పడలేదు. చొక్కా తొడుక్కున్న మంచులా ఉన్నాడు.

ఇందుమతి తండ్రి పైడయ్య బొబ్బిలి దగ్గర ఒక పల్లెలో వీణలు చేసేవాడు. మూడేళ్ల కిందట ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. అది పెరిగేదే గాని తరిగేది కాదని డాక్టరు చెప్పాడు. అప్పటినుంచీ పైడయ్య పనిలోకి దిగలేదు. ఆ చేతిని ఎడమ చంకలో దాచుకుని కూర్చునేవాడు. వచ్చే నెలలో ఉలులూ బాడిసలూ మేనల్లుడికి ఇచ్చేస్తానని కూతురితో అన్నాడు.

ఫోన్లో తీసుకోవచ్చు కదా అని మాస్టారు అనలేదు. ఆమె డబ్బా దేనికి పట్టుకుందో ఆయనకు తెలుసు. ఆమె ఏడో తరగతిలో ఉండగా స్కూల్లో సైన్సు ప్రదర్శన పెట్టారు. అప్పుడు పైడయ్య వీణకు వాడగా మిగిలిన పనసచెక్కతో ఒక పెట్టె చేసిచ్చాడు. ముందు బెజ్జం, వెనక నూనె రాసిన కాగితం. తలమీంచి దుప్పటి కప్పుకుని చూస్తే ఆ కాగితం మీద వాళ్ల వాకిలి తలకిందులుగా ప్రత్యక్షమైంది. అమ్మ తలకిందులుగా బట్టలు ఆరేస్తోంది. నాన్న ఎదురుగా నిలబడి రెండు చేతులూ ఊపుతూ, "కనపడ్డానేటే?" అని అరుస్తున్నాడు. దుప్పట్లో పనసచెక్క వాసన, నూనె వాసన. దుప్పటి తీసేస్తే బొమ్మ లేదు. మళ్లీ కప్పుకుంటే ఉంది. ఆ మధ్యాహ్నమంతా ఆ పిల్ల దుప్పట్లోంచి బయటికి రాలేదు. ఆనాటి నుంచీ నాన్న బొమ్మ అలాంటి పెట్టెలో ఒక్కసారి నిలిచిపోతే బాగుండునని ఆమెకు ఉండిపోయింది.

మాస్టారు చెప్పులు వేసుకున్నారు. పెట్టెలన్నిటిలోకీ ఆ పాలపొడి డబ్బానే తీసి చంకన పెట్టుకున్నారు.

"అది వద్దండి, అన్నిటికన్నా అధ్వానం. పక్కనుంచి వెలుతురు జొరబడుతుంది."

"లోపల కాగితం పెట్టి, జొరబడే చోట నల్లటేపు చుట్టు. బస్సుకు వేళవుతోంది."

వాళ్లు పైడయ్య ఇంటికి వెళ్లేసరికి పదకొండయింది. కూతురి వెంట డబ్బాను చూడగానే పైడయ్య లేచి, అలవాటైన వాడిలా వసారాలో కుర్చీ వేసుకున్నాడు.

"మళ్లీ కూకోమంటావేటమ్మా?" అంటూ చెయ్యి ఒళ్లో పెట్టుకుని బిగుసుకుని కూర్చున్నాడు. ఊపిరి బిగబట్టాడు. బిగబట్టిన కొద్దీ చెయ్యి ఇంకా వణికింది. ఇందుమతి ఆ చేతికేసి చూడకుండా డబ్బాకేసి చూసింది.

"లేవండి పైడయ్యగారూ," అన్నారు మాస్టారు. "ఆ మూల చాప కప్పి పెట్టిందేమిటి?"

చాప తీస్తే వీణ. మూడేళ్ల దుమ్ము. తంత్రుల కింద ఉండాల్సిన ఇరవైనాలుగు మెట్లకు పదిహేడు పెట్టి ఉన్నాయి. మిగతా ఏడూ ఒక గుడ్డలో మూటకట్టి వీణ కుండ పక్కన ఉన్నాయి.

"ఎందుకాపేశారు?"

"మెట్టు పెట్టినాక మైనం ఆరేదాకా పట్టుకుని ఉండాల మేస్టారూ. ఎంట్రుకంత జరిగినా సొరం సెడిపోద్ది. ఈ సెయ్యితో..." అంటూ పైడయ్య దాన్ని చంకలో దాచుకున్నాడు.

"వీణలు పట్టుకున్నవాళ్లకి ఎందరికో ఫొటోలు తీశాను. మెట్టు పెట్టడం ఒక్కసారీ చూళ్లేదు. ఒక్కటి పెట్టి చూపిస్తారా?"

ఇందుమతి మాస్టారి దగ్గరికి జరిగింది. "వద్దు మాస్టారూ, కుదరకపోతే ఆయన తట్టుకోలేరు," అంది, తగ్గు గొంతుతో. తగ్గాల్సినంతగా తగ్గలేదు. పైడయ్యకు వినబడింది. కొంతసేపు ఆయన వీణ మీది దుమ్మును తువ్వాలుతో తుడుస్తూ ఉన్నాడు.

"కుంపటి రాజెయ్యమ్మా," అన్నాడు చివరికి.

నల్లపొడి కలిపిన మైనం కరిగింది. వెచ్చటి వాసన వసారా అంతా కమ్ముకుంది. ఇందుమతికి ఆ వాసన ముక్కుకు తగిలి మూడేళ్లయింది. అప్పుడుగాని ఆమెకు ఆ సంగతి తట్టలేదు. పైడయ్య మైనం ఎత్తుకుంటే గరిటె గడగడలాడింది. సగం పంచె మీద ఒలికింది. ఆమె చూడలేక గుమ్మం దగ్గరికి పోయి, వీధికేసి తిరిగి నిలబడింది.

వెనకనుంచి తంత్రి మోగింది. స్వరం కొంచెం దిగువగా ఉంది. మళ్లీ మోగింది, ఇంకాస్త పైకి. మూడోసారి మోగినప్పుడు సరిగ్గా కూర్చుంది. వీణల ఇంట పుట్టిన పిల్ల, అది ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఇన్నావేటమ్మా?" అన్నాడు పైడయ్య.

ఇందుమతి తిరిగి చూసింది. ఆయన ఎడమచెయ్యి తంత్రి దగ్గరుంది. కుడిచేతి రెండు వేళ్లు మెట్టును నొక్కి పట్టి ఉన్నాయి. ఆ వేళ్లు కదలడం లేదు. ఆయన తల ఎత్తి ఆమెనే చూస్తున్నాడు. జవాబు చెబితే ఎక్కడ ఆ చెయ్యి బెదురుతుందోనని ఆమె ఊరికే తల ఊపింది. ఆయన చూపు తిప్పుకోలేదు. మైనం ఆరేదాకా తండ్రీకూతుళ్లు అలాగే ఉండిపోయారు.

తరవాత ఆయన వేళ్లు తీశాడు. తీసీతియ్యగానే చెయ్యి ఎప్పటిలాగే వణికింది. పైడయ్య దాన్ని కాసేపు చూసుకున్నాడు. చంకలో పెట్టుకోకుండా మోకాలి మీద ఉంచుకున్నాడు.

"ఇంక ఆరు," అన్నాడు. "ఉలులు ఇప్పుడే ఇవ్వన్లే."

అప్పుడు చూసింది ఇందుమతి. పాలపొడి డబ్బా అరుగు మీద, వీణకు ఎదురుగా ఉంది. మాస్టారు దాని బెజ్జం మీద పట్టీ అంటిస్తున్నారు. ఆయన ఆ పట్టీని ఎప్పుడు తీశారో ఆమెకు తెలియదు.

మూడు గంటల బస్సుకు ఇద్దరూ తిరిగివచ్చారు. వెనకగదిలో ఎర్ర బల్బు కింద కాగితం మందునీళ్లలో మునిగింది. బొమ్మ తేలింది. దానిమీంచి ఇంకో కాగితానికి అచ్చు తీసి, కడిగి, ఆరాక కిటికీ దగ్గరికి తెచ్చి చూశారు. డబ్బా సొట్ట వల్ల ఒక అంచు వంకరపోయింది. టేపు చాలని చోట తెల్లటి చార పడింది. కాని వేళ్లు పడ్డాయి. మెట్టును పట్టిన రెండు వేళ్లు, బొటనవేలి మీద పాత ఉలిగాటు, గోటి అంచున మైనం మరకతో సహా పడ్డాయి. ఇందుమతి ఆ వేళ్ల మీద తన వేలు ఆనించి చాలాసేపు కూర్చుంది. కళ్లు తుడుచుకుంది.

ఆ తరవాత చూపు పైకి పోయింది. మెట్టు మీదికి వంగిన ముఖం ఒకటి ఉంది. దాన్ని ఆనుకుని, కొంచెం పలచగా, తను నిలబడ్డ గుమ్మంకేసి తిరిగిన ముఖం ఇంకొకటి ఉంది.

"అయ్యో, ముఖం చెదిరిపోయింది మాస్టారూ," అంది. "బెజ్జం ఇంకా సన్నం చేసి ఇంకో పెట్టె కడతాను."

మాస్టారు బొమ్మను ఆమె చేతిలోంచి తీసుకుని, వెలుతురుకు తిప్పి, మళ్లీ ఆమె చేతిలోనే పెట్టారు.

"చెదరలేదమ్మా," అన్నారు. "రెండు చోట్ల నిలిచింది."