గీత దాటిన చెయ్యి

ఎవరేం అడిగినా దేవసహాయం మాస్టారు ముందు ఓ పని పురమాయిస్తారు. సముద్రం ఒడ్డునున్న ఆ విమాన శిక్షణ కేంద్రంలో ఇంజన్లు చూసే పెద్దాయన ఆయనే. జవాబు దొరికేసరికి చేతులకి నూనె అంటుకుంటుందని శిష్యులు నవ్వుకుంటారు.

ఓ ఉదయం శిష్యుడు చిన్నారావు మొహం వేలాడేసుకుని వచ్చాడు. భార్య పైడమ్మ అలిగి అక్కగారింటికి వెళ్ళిపోయింది. వాళ్ళమ్మకి కంటి ఆపరేషన్ అయితే ఇతగాడు చూడ్డానికి వెళ్ళలేదు. చుట్టాల ముందు పైడమ్మ ఆ సంగతి ఎత్తితే, “నోర్ముయ్” అన్నాడు.

“ఆ ఒక్క మాటే గదా మాస్టారూ ఎక్కువన్నాను. తప్పయిపోనాదని ఆ మాట ఎనక్కి తీసీసుకున్నాను. అయినా రానంతంది. ఇంకేటి సెయ్యమంతారు?”

“ముందు ఆ మేగ్నెటో బిగించు నాయనా,” అన్నారు మాస్టారు.

మేగ్నెటో ఇంజనుకి నిప్పురవ్వ అందిస్తుంది. రవ్వ ఎప్పుడు పడాలో ఇంజను మీద ఒక గీత చెబుతుంది. ప్రొపెల్లర్ని చేత్తో తిప్పి ఆ గీత దగ్గర ఆపి, అప్పుడు మేగ్నెటోని బిగించాలి. చిన్నారావు మనసు మనసులో లేదు. చెయ్యి గీతని పిసరంత దాటేసింది. పిసరంతే కదా అని పిసరంత వెనక్కి లాగి బిగించేశాడు. రవ్వ పడే క్షణాన్ని చూపించే పరీక్ష దీపం కూడా బుద్ధిగా వెలిగింది.

“ఇంజను తిరిగే వైపే తిప్పుకుంటూ మళ్ళీ గీత దగ్గరికి రా,” అన్నారు మాస్టారు.

తిప్పాడు. గీత వచ్చింది, దాటిపోయింది. దీపం ఆ తర్వాత తీరిగ్గా వెలిగింది. చిన్నారావు కంగారుగా మాస్టారి వైపు చూశాడు.

“నువ్వు వెనక్కి లాగితే పైన గీత కలిసింది. లోపల పళ్ళచక్రాల మధ్య సందు అలాగే ఉండిపోయింది. ముందుకి తిప్పితే ఆ సందు పూడాకే మేగ్నెటో కదుల్తుంది,” అన్నారాయన.

చిన్నారావు బోల్టులు వదులు చేశాడు. ఈసారి ప్రొపెల్లర్ని గీతకి బాగా వెనక్కి తీసుకెళ్ళి, అక్కణ్ణుంచి మెల్లగా ముందుకొచ్చి, గీత మీద ఆగి బిగించాడు. మళ్ళీ తిప్పితే గీత రావడం, దీపం వెలగడం ఒక్కసారే జరిగాయి. మధ్యాహ్నం ఇంజను ఎక్కడా దగ్గకుండా నడిచింది. అందరికీ ప్రాణం లేచొచ్చింది. చిన్నారావు మాత్రం ఏదో ఆలోచిస్తూ ఇంటి దారి పట్టాడు.

మర్నాడు అతని మొహం వెలిగిపోతోంది.

“పైడమ్మ వొచ్చీసింది మాస్టారూ. ఆళ్ళక్క ఇంట్లో అందరి ముందూ కూకుని, ఆపరేషన్ కాడ్నించి సెప్పుకొచ్చాను. ఆ దినం నాను రాకపోడం తప్పేనన్నాను. ‘నోర్ముయ్’ దాకా రానేలేదు, అది ఏడ్సీసింది. ఇంటికెళ్దాం పదమంది.”

ఆ మాట అంటూనే హుషారుగా పానా అందుకుని పనిలోకి దిగాడు. గుండె మీంచి బండ దిగిన మనిషి అలాగే ఉంటాడు. విన్నవాళ్ళకీ హాయిగా అనిపించింది.

మాస్టారు చేతులు తుడుచుకుంటూ అడిగారు:

“మీ అత్తగారికి చూపెలా ఉందిట?”