కళ్ళు మూసుకుని ఏరిన బియ్యం

కొత్త సంవత్సరం వస్తూనే, కోట వంటశాలలో ఒళ్ళు హూనం చేసుకునే ఆడవాళ్ళకు మనశ్శాంతి కలిగించాలని దివానుకు బుద్ధి పుట్టింది.

"రోజూ ఓ గంట కళ్ళు మూసుకుని ధ్యానం చెయ్యండి. పని మాత్రం గింజంతైనా తగ్గకూడదు," అన్నాడు.

"ఆ గంట ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలి దొరా?" అంది బియ్యంలో రాళ్ళేరే నూకాలు.

"అది మీ తంటా!"

మర్నాడు భోజనంలో రాజుగారి పంటికింద రాయి కటుక్కుమంది. దివాను నూకాలును పిలిపించి విరుచుకుపడ్డాడు.

"కళ్ళు నెత్తికెక్కాయటే?"

"లేదు దొరా, తమరు చెప్పినట్టే మూసుకున్నాం. పని తగ్గకూడదన్నారుగా, అలాగే కూర్చుని బియ్యం ఏరాం."

రాజు దవడ పట్టుకుని దివాను వైపు గుర్రుగా చూశాడు.

"రేపట్నుంచి ధ్యానానికి ఓ గంట పని తగ్గించవయ్యా!"

"గంట ఇస్తే చాలు మహారాజా," అంది నూకాలు. "అందులో ఏం చేసుకోవాలో దివానుగారు చెప్పక్కర్లేదు."