ఒక్క రూకకు షావుకారు మేడ

ఇల్లు తాకట్టు పెట్టేటప్పుడు వడ్డీ ఎంతని అందరం అడుగుతాం. అప్పిచ్చేవాడు ఎలాంటివాడో ఎప్పుడైనా అడిగారా?

బుట్టలల్లే సూరమ్మ ఇల్లు పాత తాకట్టులో ఉంది. వడ్డీకే ఆమె రెక్కలు అరిగిపోతున్నాయి. చూపులేని అత్త ఆ గోడలు తడుముకుంటూ తిరగగలదు గానీ, వేరే ఇంట్లో అడుగైనా వేయలేదు.

"సగం వడ్డీకే ఇస్తా. ఆ పాత అప్పు తీర్చిపారెయ్," అంటూ షావుకారు భుజంగరాయుడు పత్రం ముందుకు తోశాడు. "చదువెలాగూ రాదు, వేలిముద్ర వెయ్."

"రాదు దొరా, అందుకే చిన్న కోరిక. ఇవే షరతులతో ఇంకో పత్రం రాయించండి. నా దగ్గర ఒక్క రూక అప్పు తీసుకుని మీ మేడ తాకట్టు పెట్టండి."

"పిచ్చిదానా! గడువు ఒక్కరోజు దాటితే మేడ నీదైపోదూ?" అనేసి షావుకారు నాలుక కరుచుకున్నాడు.

"అయ్యో, నా ఇంటికీ అంతేనా!" అంటూ లేచింది సూరమ్మ.

గానుగ నడుపుతూ తక్కువ వడ్డీకి అప్పులిచ్చే లచ్చమ్మనూ అదే కోరింది. లచ్చమ్మ నవ్వుతూ గానుగ తాకట్టు రాసిచ్చింది. "నా పత్రంలో ఏడాది ఆలస్యమైనా వడ్డీ కట్టడమే వదినా, గానుగెక్కడికీ పోదు."

సూరమ్మ ఆమె దగ్గరే అప్పు తీసుకుని పాత తాకట్టు విడిపించింది. ఆ సాయంత్రం అత్త గోడ నిమురుతూ అడిగింది, "ఇది మనదేనా అమ్మాయ్?"

"మనదే అత్తా."

మీరూ వేలిముద్ర వేసేముందు ఆ షరతులు అప్పిచ్చేవాడి ఇంటికి పెట్టి చూడండి. వాడి ముఖం చదవడానికి చదువక్కర్లేదు.