అత్త పథ్యం విడిచిన రోజు

మా పేటలో బుర్ర ఉన్నవాళ్ళు ముగ్గురేనని సింగన్న, ముత్యాలు, అప్పలకొండ గట్టిగా నమ్మేవారు. ఆ ముగ్గురూ తామేనట. అన్నదమ్ములు కదా, ఒకర్నొకరు పొగుడుకోవడానికి బయటివాళ్ళ అవసరం ఉండేది కాదు.

వాళ్ళకో వంట వ్యాను ఉంది. వాళ్ళ మేనత్త పైడితల్లి జ్వరాన పడి, మూడు నెలలుగా చారన్నమే తింటోంది. పాపం, కాల్చిన వంకాయ పచ్చడి ఆమెకు కలలోకి వస్తోంది. పథ్యం విడవమని డాక్టరు చెప్పిన రోజే అన్నదమ్ములు అత్తను వ్యానెక్కించి ఏటి ఒడ్డుకు తీసుకెళ్ళారు. అన్నం వండేశారు. ఇక కొత్తగా కొన్న కాల్చే పొయ్యిని వ్యాను గ్యాసుకి కలపాలి.

గ్యాసు మేస్త్రి ముందే జాగ్రత్తలు చెప్పాడు. సిలిండరు వాల్వు కట్టేసి పైపు తగిలించమన్నాడు. అతుకు మీద సబ్బు నురగ రాసి చూసి, బుడగలొస్తే వెలిగించొద్దన్నాడు. పొయ్యికి గాలి ఆడాలన్నాడు.

ఇంకేముంది, సిలిండరు కట్టేశారు. పైపు బిగించారు. సబ్బు గిలక్కొట్టి నురగ రాశారు. నురగ నిండా బుడగలే. ముత్యాలు కూర్చుని ఒక్కొక్క బుడగనీ గోటితో చిదిపాడు. తరగకపోయేసరికి రెండు బిందెల నీళ్ళు కుమ్మరించి, బుడగలు లేవని తేల్చాడు.

అప్పలకొండ గాలి ఆడాలని తువ్వాలుతో విసరడం మొదలెట్టాడు. అంతే, సింగన్న గీసిన అగ్గిపుల్ల గీసినట్టే ఆరిపోయింది. పెట్టె ఖాళీ అయింది.

ఆకలితో నకనకలాడుతున్న అత్త వచ్చి, సిలిండరు తిప్పారా అని అడిగింది.

"కట్టీమన్నాడు గానీ మళ్ళీ తిప్పమన్లేదత్తా" అన్నాడు సింగన్న.

పైడితల్లి తల కొట్టుకుంది. తనే సిలిండరు తిప్పి, సబ్బు రాసి, లీకు లేదని చూసుకుని, తన సంచిలోని అగ్గిపెట్టెతో పొయ్యి వెలిగించింది. నాలుగు వంకాయలు పెట్టింది.

"ఏట్లో కాళ్ళు కడుక్కొస్తాను. మంట మీంచి కన్ను తిప్పకండర్రా."

తిరిగొచ్చేసరికి వంకాయలు బొగ్గులు. పొయ్యి చుట్టూ ముగ్గురూ గుడ్లప్పగించి కూర్చున్నారు.

"వంకాయలు మాడిపోతంటే చూళ్ళేదేట్రా?"

"ఎలా చూస్తామత్తా? వాటికేసి చూస్తే మంట మీంచి కన్ను తిప్పినట్టే కదా."

అత్తకు ఏడుపొచ్చినంత పనైంది. అంతలోనే నవ్వొచ్చింది. పోనీ, ఆ మాడినవాటినే వలుచుకుంటాను, అన్నం వడ్డించండి అంది. ముగ్గురూ ఉత్సాహంగా గరిటెలు తీశారు. మంట మీంచి కన్ను తిప్పకుండానే వడ్డించారు. అన్నమంతా ఇసుకలో పడింది.