చుక్కమ్మ కప్పిన గోనెపట్టాలు

దొడ్లో కోడి చుక్కమ్మ పదకొండు పిల్లల్ని లేపింది. పాత గూడు చూస్తే గాలికే ఊగుతోంది, వానలేమో ముంచుకొస్తున్నాయి. కొత్తది కట్టడానికి నక్క జంబయ్య తప్ప ఎవడూ దొరకలేదు. నక్క చేత కోళ్లగూడా అని నవ్వకండి, ఆ మాత్రం చుక్కమ్మకి తెలీదా? ఆ దొడ్లో ఎవరేం కట్టినా ముగ్గురు చూసి సరేననాలి. ఆకుల సంగతి తెలిసిన మేకపోతు గడ్డం మామ కప్పు చూడాలి. కాపలా కుక్క భైరయ్య తలుపు చూడాలి. తవ్వకాల్లో ఆరితేరిన పందికొక్కు బొక్కయ్య నేల చూడాలి. ఆ ధైర్యంతోనే ఒప్పుకుంది.

గూడు పూర్తయింది. "అందరూ అన్నీ చూడండి మహానుభావులారా! మీకు తెలియనిదేముంది?" అన్నాడు జంబయ్య వినయంగా.

ముగ్గురూ ఉబ్బిపోయారు.

"గడియ ఇంత కిందికా? నన్నడిగితే పైకి పెట్టించేవాణ్ణి," అన్నాడు గడ్డం మామ.

"ఆకులు అడ్డంగా పరిచావేంటయ్యా?" అన్నాడు భైరయ్య.

"తలుపుకి రంగేస్తే ఎంత బాగుండేది!" అన్నాడు బొక్కయ్య.

మధ్యాహ్నం దాకా ఇదే గోల. జంబయ్య పనుందని మెల్లగా జారుకున్నాడు.

"అన్నయ్యా, నేల చూశావా?" అనడిగింది చుక్కమ్మ.

"ముగ్గురం ఉన్నాం కదమ్మా, ఎవరో ఒకరు చూసే ఉంటారు," అన్నాడు బొక్కయ్య.

ఇవాళ పిల్లలు పడుకోవాల్సింది అందులోనే! చుక్కమ్మ గోనెపట్టాలు తెచ్చి గూడంతా కప్పేసింది.

"మామా, నీకు కప్పు ఒక్కటే తీసి చూపిస్తా. భైరయ్యా, నీకు తలుపు. అన్నయ్యా, నీకు నేల. మిగతా వాటి మీద మీ సలహాలు రేపు తీరిగ్గా వింటాను."

"మాకే గంతలా!" అని గొణిగాడు గడ్డం మామ.

చూడ్డానికి ఇంకేమీ లేక బొక్కయ్య నేలకి ముక్కు ఆనించాడు. మూలన గడ్డి కింద మెత్తగా తగిలింది. తీసి చూస్తే సొరంగం, సరిగ్గా నక్క పట్టేంత!

"వీడి దుంప తెగ!" అన్నాడు. సిగ్గుతో మీసాలు వాలిపోయాయి. "ఉండమ్మా, నా పని ఇప్పుడు చేస్తా." సొరంగాన్ని గూటి దగ్గర రాళ్లతో బిగించి, దారిని పక్కనున్న పేడగుంటలోకి తిప్పాడు.

పొద్దు వాలుతుండగా జంబయ్య కంచె అవతల పొదలోంచి సొరంగంలో దూరాడు. తేలింది పేడలో, మెడదాకా. ఎదురుగా భైరయ్య కోరలు బయటపెట్టి కూర్చున్నాడు.

"కప్పు బాగుంది జంబయ్యా, తలుపూ బాగుంది," అంది చుక్కమ్మ. "నేల దగ్గరే కాస్త తేడా వచ్చింది."

గడ్డం మామ గుంటలోకి తొంగిచూశాడు. "పేడ పలచనైంది. నన్నడిగితే..."

"మామా, అది నీ వాటా కాదు!" అన్నారందరూ.

నీకు అప్పగించింది ముందు చూడు, పక్కవాడి దానికి వంకలు తర్వాత పెడుదువుగాని.