ఏడుతో భాగిస్తే

సోమయాజులుగారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పలక తెమ్మంటారు. ఆ సంగతి భ్రమరాంబకు తెలుసు. నలభై దాటాక, పంతొమ్మిదేళ్ళ కూతురు మాలతితోపాటు ఆయన దగ్గర పంచాంగ గణితం నేర్చుకుంటోంది. అయినా ఆ శుక్రవారం ఆయన పొరుగూరి నుంచి వచ్చి ఇంకా కాళ్ళు కడుక్కుంటుండగానే అడిగేసింది.

"గురువుగారూ, పరీక్షకు నిలిచిందల్లా నిజమేనా?"

అడగడానికి కారణం పొద్దున జరిగింది. ఊరు వెళ్తూ ఆయన ఒక పద్యం ఇచ్చి వెళ్ళారు. కలియుగం మొదలైన నాటి నుంచి ఈ రోజుకు ఎన్ని దినాలు గడిచాయో అందులో ఉంది, అంకెల్లో కాదు, మాటల్లో. వేదమంటే నాలుగు, రామ అంటే మూడు. ఆ మాటలను కుడి నుంచి ఎడమకు పేర్చుకుంటూ పోవాలి. "వేదరామ" అని పద్యం మొదలైతే సంఖ్య ముప్పై నాలుగుతో ముగియాలి. మాలతి 18,71,534 అని రాసింది. పెద్ద శిష్యుడు విశ్వపతి మొదటి రెండు మాటలనూ పద్యంలో ఉన్న వరసలోనే చివర పెట్టేసి, మిగతావి మాత్రం తిప్పి, 18,71,543 తేల్చాడు. తొమ్మిదితో భాగిస్తే శేషం రెండు రావాలని పద్యం చివర ఉంది. వచ్చింది.

"సరిపోయింది. నీదే తప్పు" అన్నాడు మాలతితో.

"నాదీ భాగించి చూడండి అన్నయ్యగారూ, రెండే వస్తుంది."

"ఓహో, ఇక నువ్వే చెప్పు, మేం నేర్చుకుంటాం!"

తడిగుడ్డతో ఆమె పలక తుడిచేశాడు. తప్పు ఒప్పుకునేదాకా లోపల పాఠం లేదని అరుగు మీద కూర్చోబెట్టాడు. పదిమంది ఉన్నారు, ఒక్కరూ నోరు మెదపలేదు. భ్రమరాంబా మెదపలేదు. ఆమె కడుపు మండింది ముఖ్యంగా అందుకే.

సోమయాజులుగారు అంతా విన్నారు. "పలక తే, విశ్వపతీ. నీ సంఖ్యను ఏడుతో భాగించు."

విశ్వపతి భాగించాడు. "రెండు మిగిలిందండీ."

"కలి మొదలైంది శుక్రవారం. ఏమీ మిగలకపోతే శుక్రవారం, ఒకటి మిగిలితే శనివారం. రెండు మిగిలితే?"

"ఆదివారం" అన్నాడు విశ్వపతి, మెల్లగా.

"అమ్మా భ్రమరాంబా, పొద్దున గడపకు పసుపు రాశావా?"

"రాశానండీ."

"ఆదివారం పూట ఎందుకమ్మా?"

ఎవరో కిసుక్కుమన్నారు. భ్రమరాంబ నవ్వలేదు. "శుక్రవారం గనకే రాశానండీ. పొద్దున్నే నేను ఆ మాట అనాల్సింది."

"నాకు ఏమీ మిగల్లేదండీ" అని అరుగు మీద నుంచి మాలతి గొంతు వినిపించింది. పలక లేకపోయినా నేల మీద వేలితో చేసుకుందట.

విశ్వపతి ముఖం కందిపోయింది. "కానీ గురువుగారూ, తొమ్మిదికి సరిపోయింది కదండీ! అంకెలన్నీ అవే కదా!"

సోమయాజులుగారు పలక పక్కన పెట్టి, గడప అవతల అరుగు వైపు చూశారు.

"తొమ్మిదికి అందరూ ఉంటే చాలు నాయనా, ఎవరెక్కడున్నా పట్టదు. ఏడు అలా ఊరుకోదు. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టావని అడుగుతుంది."