తల్లి కట్టిన సద్ది

అనగనగా కొల్లేటి ఒడ్డున ఒక ఊళ్ళో తిరపతమ్మ అని ఉండేది, బుజ్జీ. ఇరవై నాలుగేళ్ళు. గుక్కెడు నీళ్ళు తాగాలన్నా ముందు గ్లాసు వెలుతురుకి పట్టి చూసేది. చేపపిల్లల కేంద్రంలో పని మరి. తొట్టిలో గ్లాసు ముంచి గుడ్లు చూడాలి. అద్దంలా ఉంటే బతికినట్టు, తెల్లబడితే పోయినట్టు.

ఆ తిరపతమ్మకి మూడుసార్లు కడుపు నిలిచింది. మూడుసార్లూ పోయింది. ప్రతిసారీ అత్త ఒక కారణం కనిపెట్టింది. మొదటిసారి బొప్పాయి. రెండోసారి గ్రహణం. మూడోసారి ఏదీ దొరక్క, తిరపతమ్మే.

"నీ కడుపే విషమే" అంది.

మొగుడు సాంబయ్య అన్నం కలుపుకుంటూ విన్నాడు. ఆ మాట తిరపతమ్మా నమ్మింది.

అప్పుడు కేంద్రానికి గుడ్లు పరీక్ష చెయ్యడానికి, మైక్రోస్కోపు పట్టుకుని ఫాతిమా మేడం వచ్చింది.

"ఇన్ని తెల్లబడ్డాయే మేడంగారూ, తల్లిచేప చెడ్డదా?" అని తిరపతమ్మ అడిగింది.

"కాదమ్మా. తల్లి గుడ్డులో సద్ది కట్టి పెడుతుంది. మొదటి కొన్ని గంటలూ పిల్ల దాని మీదే పెరుగుతుంది. ఆ తర్వాత తన దీపాలు తనే వెలిగించుకోవాలి. తలకొకటి, తోకకొకటి, గుండెకొకటి. జన్యువులంటారు. సగం తల్లివి, సగం తండ్రివి. ఒక్కోసారి సరిగ్గా వెలగవు. పిల్ల ఆగిపోతుంది. మనుషుల్లో అయితే మూడోరోజుకి వెలగడం మొదలుపెడతాయి. అక్కడ తేడా వస్తే, ఆ కడుపు తర్వాతెప్పుడో పోతుంది."

"మూడోరోజా! అప్పటికి కడుపని మనకే తెలీదు కదండీ!"

"తెలీనిదానికి తప్పెలా చేస్తావు?"

ఆ తర్వాత తిరపతమ్మ గ్లాసుడు గుడ్లు కొంగుచాటున పట్టుకుని ఇంటికి పరుగెత్తింది. మేడం చెప్పిందంతా చెప్పింది.

"చూడత్తా. ఒకే తల్లి, ఒకే నీళ్ళు. కొన్నిట్లో నల్లటి కళ్ళు కనబడుతున్నాయి, కొన్ని తెల్లబడ్డాయి. వీటికెవరు విషం పెట్టారు?"

"సగం తండ్రివా? మావాడి దీపాలకేం మాయరోగమే?" అని అత్త గ్లాసు లాక్కుని ఇంటి ముందు మురుగుకాలవలో బోర్లించింది. సాంబయ్య తలెత్తనైనా లేదు.

తెల్లారితే పిల్లలయ్యేవి, బుజ్జీ.

తిరపతమ్మ కాలవ పక్కన కూర్చుని, పోయిన ముగ్గురి కోసం అప్పుడు ఏడ్చింది. అంతదాకా తన మీద తనకున్న కోపంతో ఏడుపే రాలేదు. ఆ తర్వాత ఖాళీ గ్లాసు కడుక్కుని, చేత పట్టుకుని, మళ్ళీ ఆ గడప తొక్కకుండా వెళ్ళిపోయింది.

ముప్పై ఏళ్ళు ఆ కేంద్రంలోనే గుడ్లు చూసింది. అత్త పోయిందని కబురొస్తే, పనిలో ఉన్నానంది.

కథేమో కంచికి,
చేపేమో చెరువుకి,
తిరపతమ్మ తనింటికి,
నీ రెప్ప నిద్దరికి.